భుజాల వెంకటప్పయ్య

వెంకటప్పయ్యకి వైద్యం తెలుసని ఆటోనగర్‌లో ఎవరూ అనలేదు, ఆయనకి ఆయనే అనుకున్నాడు. మూడేళ్ల కిందట షుగరు పుణ్యమా అని ఎడమ భుజం బిగుసుకుపోయి, చొక్కా తొడుక్కోవడానికి కూడా భార్య శివపార్వతిని కేకేసే గతి పట్టింది. డాక్టరు చెప్పినట్టు రోజూ గోడ మీద వేళ్లు పాకించి పాకించి, ఏడాదిన్నరకి బాగుపడ్డాడు. ఇక చూస్కోండి! లారీ బాడీలు కట్టే ఆయన షెడ్డు ముందు ఎవరైనా భుజం రుద్దుకుంటూ కనిపిస్తే చాలు, "ఇలా రావయ్యా, గోడ దగ్గర నిలబడు" అనేవాడు. టీ తెప్పించి మరీ వైద్యం చేసేవాడు. లోకంలో భుజాలన్నీ ఒకే కంపెనీ సరుకని ఆయన నమ్మకం.

ఆ నమ్మకానికి అడ్డంగా దొరికినవాడు హుమాయూన్. ఇరవై ఏళ్లుగా ఆ షెడ్డులో తయారైన ప్రతి లారీకీ రంగులు వేసి, క్యాబిన్ నుదుటి మీద యజమాని పేరు రాసేది ఆయనే. 2003 వేసవిలో ఓ మధ్యాహ్నం, పేరు రాయడానికి ఎక్కిన బల్ల మీద కాలు జారి, కుడి చేత్తో నిచ్చెన పట్టుకుని వేలాడాడు. కింద పడలేదు గానీ భుజంలో ఏదో పుటుక్కుమంది. మర్నాటినుంచి బ్రష్షు ఛాతీ దాటి పైకి లేస్తే ఒట్టు.

"పట్టేసింది, అంతే! నాకు రాలేదా, తగ్గలేదా? డాక్టరు దగ్గరికెళ్లావో, కోసేస్తాడు. జాగ్రత్త!" అని వెంకటప్పయ్య ధైర్యం చెబుతూనే హడలగొట్టాడు.

ఆరు వారాలు గోడ పాకుడు సాగింది. గోడ అరిగింది గానీ చెయ్యి లేవలేదు. వైద్యుడికి రోషం వచ్చింది. ఇంజన్లు ఎత్తే చైను కప్పీకి తువ్వాలు కట్టి, దాన్ని హుమాయూన్ మణికట్టుకి చుట్టి, రెండో వైపునుంచి లాగాడు. చెయ్యి ఎంచక్కా పైకి లేచింది.

"చూశావా!" అని గంతేసి తువ్వాలు విప్పాడు. చెయ్యి దబ్బున కిందపడింది. హుమాయూన్ అక్కడే కూలబడి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

అన్నం క్యారేజీతో వచ్చిన ఆయన భార్య నఫీసా గుమ్మంలో నిలబడి అంతా చూసింది. "అన్నయ్యగారూ, ఆయన మనిషనుకున్నారా, ఇంజననుకున్నారా?" అని దులిపేసి, మర్నాడు ఇద్దర్నీ ఎముకల డాక్టరు సంజీవరావు దగ్గరికి లాక్కుపోయింది.

డాక్టరు హుమాయూన్ చేతిని తన చేత్తో ఎత్తాడు, సులువుగా లేచింది. "మీ అంతట మీరు ఎత్తండి" అంటే లేవలేదు. గోడ వైద్యం సంగతి విని వెంకటప్పయ్య వైపు తిరిగాడు. "మీకు నొప్పొచ్చినప్పుడు వేరేవాళ్లు ఎత్తితే లేచిందా?"

"అమ్మో, ప్రాణం పోయేదండీ."

"మీది బిగుసుకోవడం. కసరత్తుతో నెమ్మదిగా వదిలింది. ఈయనకి కండరాన్ని ఎముకకి కట్టే పట్టీ తెగినట్టుంది." సాయంత్రం స్కాను చూసి డాక్టరు మళ్లీ అదే చెప్పాడు. "చాలా నొప్పులకి మందులు, కసరత్తు చాలు, కత్తి అక్కర్లేదు. కానీ దెబ్బ తగిలి చెయ్యి లేవకపోతే వెంటనే రావాలి. ఆలస్యమయ్యేకొద్దీ తెగిన కొస ముడుచుకుపోతుంది, కుట్టడానికి అందదు. ఇప్పుడైతే కుట్టొచ్చు. మళ్లీ పని చెయ్యడానికి ఆరేడు నెలలు పడుతుంది. నూటికి నూరుపాళ్లూ నయమవుతుందని చెప్పలేను. ఇంతకీ ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు?"

"చూద్దాంలే అని ఆగానండీ" అన్నాడు హుమాయూన్, తల వంచుకుని.

వెంకటప్పయ్య ఓ అడుగు ముందుకేశాడు. "నేనే ఆపానండీ. చైనుతో లాగింది కూడా నేనే."

డాక్టరు కళ్లజోడు తీసి ఆయన్ని ఓసారి చూసి మళ్లీ పెట్టుకున్నాడు.

ముగ్గురూ బయట బల్ల మీద కూర్చున్నారు. హుమాయూన్ మెల్లగా, "అప్పయ్యా, నువ్వు చెప్పు. చేయించుకోమంటే చేయించుకుంటా. వద్దంటే ఇంటికి పోదాం" అన్నాడు.

చెంప మీద ఒక్కటిచ్చినా వెంకటప్పయ్యకి అంత బాధ ఉండేది కాదు. ఇంత జరిగాక కూడా నన్నే అడుగుతాడేమిటి, పిచ్చి సన్నాసి! హుమాయూన్ ఒళ్లో ఉలుకూ పలుకూ లేకుండా పడున్న ఆ కుడిచేతిని చూశాడు. అది ఇక లేవకపోతే ఈ మనిషి ఏం కావాలి?

"నాకు తెలియదురా" అన్నాడు. అలా అనడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. కళ్లు నిండిపోయాయి. "నా భుజం గురించి తప్ప నాకేం తెలియదురా బాబూ. తెలిసినాయన లోపలున్నాడు. ఆయన మాట విను."

హుమాయూన్ ఆయన మొహంలోకి తేరిపార చూసి, లేచి నిలబడ్డాడు.

"సంతకం ఎక్కడ పెట్టాలో అడుగు నఫీసా. ఇరవై ఏళ్లకి ఈయన ఇవాళ ఒక్క మాట సరిగ్గా చెప్పాడు."

వెంకటప్పయ్య ముక్కు చీదుకుంటూ వాళ్ల వెనకే లోపలికి నడిచాడు.