పాడైపోయినవి కొంటామమ్మా!

నేను ఒక చేతిమైకుని. కొందరు లౌడుస్పీకరంటారు, పిల్లలు బాకా అంటారు, నేనంటే పడనివాళ్లు ఇంకేదో అంటారు, అది ఇక్కడ చెప్పను. గరాటులాంటి మూతి, వెనకాల పిడి, పిడికో మీట. ఒక్కసారి నాలో మాట నింపితే చాలు, బ్యాటరీ ఉన్నంతసేపూ ఆ మాటే చెబుతూ ఉంటాను. చెప్పిందే చెప్పడం నా వృత్తి. దాని గురించి ఎవరైనా చులకనగా మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది, ముందే చెబుతున్నాను.

ఎక్కడో ఉత్తరాదిన ఒక రేకుల షెడ్డులో పుట్టాను. విజయవాడలో ఒక సౌండు సామాన్ల కొట్లో దుమ్ము కొట్టుకుపోతుంటే, తెనాలి హైస్కూలు డ్రిల్లు మాస్టారొకాయన వచ్చి కొనుక్కెళ్లాడు. ఆయన నా మూతికి పెట్టిన పని ఒక్కటే, "లైన్లో నిలబడండ్రా!" పొద్దున అదే, సాయంత్రం అదే, జెండా పండగనాడూ అదే. ఆఖరికి రిటైరైన రోజు, శాలువా కప్పించుకుని, వేదిక మీదున్న పెద్దమనుషుల వంక తిరిగి నన్నెత్తి "లైన్లో నిలబడండ్రా!" అన్నాడు. అందరూ కడుపుబ్బ నవ్వారు. చెప్పిందే చెబుతున్నాడని ఆయన్నెవరూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లలేదు.

ఆయన వెళ్లిపోయాక స్కూలువాళ్లు విరిగిన బెంచీలతో కలిపి నన్ను యేసోబుకి అమ్మేశారు. యేసోబు తోపుడుబండి మీద పాత సామాన్లు కొనే మనిషి. నన్ను చూడగానే ముచ్చటపడి, తుడిచి, బండికి ముందు కట్టుకున్నాడు. అతనిది బొంగురు గొంతు. భార్య మరియమ్మ "నీ గొంతు వింటే అమ్మాలనుకున్నవాళ్లు కూడా సామాను లోపల దాచేసుకుంటారయ్యా, ఇటియ్యి" అని లాక్కుని తనే చెప్పింది.

"పాత సామాన్లు కొంటామమ్మా! పాత ఇనుము, పాత పేపర్లు, పాడైపోయిన ఫ్యాన్లు, పాడైపోయిన మిక్సీలు కొంటామమ్మా!"

ఆ చివరి 'మ్మా' దగ్గర పైకెత్తి సాగదీసేది చూడండీ, అబ్బో, అది వింటే ఇంట్లో మంచి ఫ్యానున్నా అమ్మేయాలనిపించేది. ఆ గొంతుతో తెనాలిలో నేను తిరగని సందు లేదు.

అలా తిరిగే సందుల్లో ఒకదాంట్లో లోహిత్ ఉండేవాడు. నాలుగేళ్లవాడు. నేను వస్తున్నానంటే పరుగెత్తుకొచ్చి గేటు ఊచలు పట్టుకుని నిలబడేవాడు. యేసోబు వంక చూడడు, బండి వంక చూడడు, నా మూతిలోకే చూస్తాడు. పిలిస్తే పలకడు. అమ్మా అనడు, అత్తా అనడు. పిల్లాడికి ఆటిజమని డాక్టర్లు చెప్పారని, వాళ్లమ్మ హైమ ఒకరోజు మరియమ్మతో చెప్పి కళ్లు తుడుచుకుంది.

తర్వాత కొన్నాళ్లకి, మేమింకా సందు మలుపులో ఉండగానే, గేటు దగ్గర్నుంచి వినబడింది. "పాత సామాన్లు కొంటామమ్మా! పాత ఇనుము, పాత పేపర్లు..." అచ్చం మరియమ్మ గొంతే, సాగదీయడంతో సహా! హైమ చేతిలో చీపురు అక్కడే పడేసి వచ్చి పిల్లాణ్ని ఎత్తుకుంది. "అమ్మా అన్నాడండీ! విన్నారా, చివర్లో అమ్మా అన్నాడు!" అని లోపలికి కేకేసింది. నాకు గర్వంతో మూతి పగిలిపోయినంత పనైంది. ఊళ్లో ఎందరో పంతుళ్లు చెప్పించలేని మాట నేను చెప్పించాను మరి!

వాళ్లాయన పూర్ణచంద్రరావు బనీనుతో బయటికొచ్చాడు. విన్నాడు. "అది నిన్నన్నది కాదు హైమా. మైకన్నది" అన్నాడు. అనేసి లోపలికెళ్లిపోయాడు. ఆ మాటకి హైమ ముఖం చూడాలి, నాకే పాపమనిపించింది.

ఇక అక్కణ్నుంచి లోహిత్ పొద్దున లేస్తే అదే పాట. అన్నం ముందు అదే, స్నానంలో అదే, చుట్టాలొస్తే వాళ్ల ముందూ అదే. వచ్చినవాళ్లు మొదట నవ్వడం, తర్వాత జాలిగా చూడడం, వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర గుసగుసలు. పూర్ణ ఒకరోజు యేసోబుని ఆపి, "ఈ సందులో నీ మైకు కట్టెయ్యి బాబూ, నీకు దణ్ణం పెడతా" అన్నాడు. యేసోబు అక్కడికక్కడే నా మీట కట్టేశాడు. నోరున్న నేను నోరు మూసుకుని ఆ సందు దాటాను. ఆ అవమానం ఈ జన్మకి మర్చిపోను.

నేను మూగగా పోతుంటే లోహిత్ గేటు ఊచలకి తల కొట్టుకుని ఏడ్చాడు. అన్నం మానేశాడు. అదే వారంలో యేసోబుకి ఎవరో కొత్త మైకు అమ్మారు, నాకంటే గట్టిగా అరుస్తుందట. హైమ ఎదురెళ్లి "మరియమ్మా, ఆ పాతది నాకిచ్చెయ్యవా" అని అడిగింది.

"ఎప్పుడూ మేమే మీ ఇంటి సామాను పట్టుకుపోతాం, ఇవాళ మా సామాను మీరు పట్టుకుపోండమ్మా" అంది మరియమ్మ. అలా నేను ఇంటిదాన్నయ్యాను. ఫ్రిజ్ మీద కాపురం.

ఫ్రిజ్ మీది నుంచి చూస్తే మనుషులు భలేగా కనిపిస్తారు లెండి. పూర్ణ కరెంటాఫీసులో ఫిర్యాదుల ఫోనెత్తే ఉద్యోగి. ఇంట్లో ఉన్నా ఫోన్లొస్తూనే ఉంటాయి. "మావాళ్లు లైన్ మీదున్నారండీ, కరెంటు వచ్చేస్తుందండీ." ఎవరడిగినా అదే జవాబు, ఏ వీధికైనా అదే. వాళ్లమ్మ రాజ్యలక్ష్మమ్మగారు టీవీ ముందు కూర్చుని "రోజులు బాలేవు" అని ఎన్నిసార్లనేదో. వాళ్లిద్దరూ కలిసి పిల్లాడు అన్నదే అంటున్నాడని దిగులుపడేవాళ్లు. నాకు నవ్వొచ్చేది, మీట వెయ్యందే నవ్వలేను కాబట్టి ఊరుకున్నాను.

కానీ ఒక సాయంత్రం పూర్ణ అన్న మాట విన్నాక నవ్వలేకపోయాను. "నాకు వీడి చదువులొద్దు, ఉద్యోగాలొద్దు హైమా. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నన్ను చూసి నాన్నా అంటే చాలు. మైకు చెప్పింది కాదు, వాడంతట వాడు అనాలి" అన్నాడు. ఈయనకి నా మీదున్నది కోపం కాదు, అసూయ అని అప్పుడర్థమైంది.

ఆ ఆరాటంలోనే ఇంట్లో ఒక చట్టం పెట్టాడు. ఎవరో బంధువు ఫోన్లో ఏదో వీడియో పంపాడు లెండి. "మైకు మాటలంటే ఎవరూ పలకొద్దు. అటు చూడనైనా చూడొద్దు. మామూలు మాట అంటేనే పలకాలి. కొన్నాళ్లు గట్టిగా ఉంటే ఆ అలవాటే పోతుంది." హైమ కాదనబోయి ఆగిపోయింది. పెద్దావిడైతే మనవడు నోరు తెరవగానే చెవుల్లో వేళ్లు పెట్టుకుని "శ్రీరామ శ్రీరామ" అనుకునేది. పిల్లాడు ఒక్కొక్కరి ముందుకీ వెళ్లి నిలబడి చెప్పేవాడు. ముగ్గురూ మూడు గోడల వంక చూసేవాళ్లు. నాకైతే దూకి ఒక్కొక్కరి చెవిలో అరవాలనిపించేది.

ఆ రోజుల్లోనే వాడి పాట పొట్టిదైపోయింది. ఇనుము పోయింది, పేపర్లు పోయాయి. "పాడైపోయిన... పాడైపోయిన... కొంటామమ్మా" అంతే మిగిలింది. పొద్దున్నుంచీ అదే, ముద్ద నోట్లో పెట్టబోతే అదే, పడుకోబెడితే అదే. సగం తగ్గింది చూశావా అని పూర్ణ సంబరపడ్డాడు. మూడోరోజుకి వాడు తినడం బాగా తగ్గించాడు. మొండి చేస్తున్నాడన్నారు.

శనివారం మాట నేర్పే సెంటరుకి వెళ్లాలి. నేను లేందే వాడు స్కూటరెక్కడు, అందుకని నన్నూ సంచిలో వేసుకున్నారు. మేడ మీద వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు, పిల్లలు లోపల, కన్నవాళ్లు బయట. అక్కడి కబుర్లన్నీ పిల్లల మాటల గురించే.

"మా ఆయేషా బయటికెళ్లాలంటే 'నేడే విచ్చేయండి' అంటుందండీ, టీవీలో చీరల కొట్టువాళ్లు అన్నట్టే" అంది షమీమ్ అనే ఆవిడ. అందరూ నవ్వారు. నవ్వులో ఆవిడా కలిసింది.

పక్కనున్న కోటయ్య అందుకున్నాడు. "మావాడు మరీనండీ. 'అక్కడక్కడా జల్లులు పడే అవకాశం' అనేవాడు. వార్తలు తెగ చూస్తున్నాడని టీవీ కట్టేశాం. ఏడాదికి తెలిసింది, అది బాత్రూంకి పోవాలని! అప్పటిదాకా పక్కబట్టలు ఉతికి ఉతికి మా ఆవిడ నడుం పోయింది."

పూర్ణ నవ్వలేదు. "అవి మాటలెలా అవుతాయండీ? ఎక్కడో విన్నది అప్పజెప్పడమేగా" అన్నాడు.

"అప్పజెబుతున్నాడో అడుగుతున్నాడో ఎలా తెలుస్తుందన్నా? ఎప్పుడంటున్నాడో చూస్తే కదా" అంది షమీమ్. "మీవాడు ఇప్పుడు ఏమంటున్నాడు?"

"పాడైపోయినవి కొంటామంటున్నాడు" అంది హైమ. అని, ఉన్నట్టుండి ఆగింది. "ఏవండీ, మెట్ల మీంచి పడి మోకాలు చెక్కుకుపోయిన రోజు కూడా అదే అన్నాడు కదూ? జ్వరం వచ్చినప్పుడు? ఫ్యాన్లు, మిక్సీలు అనలేదు. పాడైపోయిన, పాడైపోయిన అన్నాడు."

అప్పుడే తలుపు తీసుకుని లోహిత్ బయటికొచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది. "పాడైపోయిన..." అన్నాడు, ఎవరివంకా చూడకుండా.

హైమ వాడి ముందు నేల మీద కూర్చుంది. "నొప్పిగా ఉందా నాన్నా? ఎక్కడ?" వాడు పలకలేదు. వరండా అంతా వాళ్ల వంకే చూస్తోంది. అప్పుడా తల్లి ఏం చేసిందనుకున్నారు! సిగ్గూ లేదు, బిడియం లేదు, గొంతెత్తి మరియమ్మలా సాగదీసింది.

"పాడైపోయిన చెయ్యి కొంటామమ్మా!" అని వాడి చెయ్యి తాకింది. వాడు కదల్లేదు గానీ, మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు.

"పాడైపోయిన పొట్ట కొంటామమ్మా!" వాడు చూస్తూనే ఉన్నాడు.

"పాడైపోయిన పన్ను కొంటామమ్మా! పాడైపోయిన చెవి..."

వాడు రెండు చేతులతో ఆమె చెయ్యి లాక్కుని తన కుడిచెవి మీద పెట్టుకున్నాడు. పెట్టుకుని "కొంటామమ్మా" అన్నాడు. హైమ వాణ్ని గుండెకి అదుముకుని "కొంటాను నాన్నా, కొంటాను, ఇప్పుడే కొంటాను" అని భోరుమంది. షమీమ్ ఏడ్చింది, కోటయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. సంచిలో ఉన్న నేను... సరే, నాకు కళ్లులేవు గనక బతికిపోయాను.

అట్నుంచటే చెవి డాక్టరు దగ్గరికి పరుగెత్తారు. ఆయన లైటు వేసి చూసి, "లోపల చీము పట్టింది. మంచి సమయానికొచ్చారు, మందులతో తగ్గిపోతుంది. ఎప్పట్నుంచీ నొప్పంటున్నాడు?" అన్నాడు.

"మూడు రోజుల్నుంచీ చెబుతూనే ఉన్నాడండీ" అన్నాడు పూర్ణ. తల మాత్రం ఎత్తలేకపోయాడు.

ఇంటికొచ్చాక చట్టం రద్దయింది. రద్దవడం కాదు, తలకిందులైంది. లోహిత్ ఏమంటే దానికి ముగ్గురూ పరుగెత్తుకొచ్చి పలికేవాళ్లు. పాత పేపర్లంటే బొమ్మల పుస్తకం కిందికి తియ్యాలని తెలిసింది. పాత ఇనుమంటే పార్కులో ఉయ్యాల. ఒకనాడు పెద్దావిడ మంచం మీద కాళ్లు చాపుకుని, "ఒరేయ్ నా తండ్రీ, పాడైపోయిన మోకాళ్లు ఉన్నాయిరా, కొంటావా?" అని మనవణ్ని పిలిచింది. వాడొచ్చి ఆవిడ మోకాలి మీద చెయ్యి వేశాడు. ఆ వారమంతా ఆవిడ రోజులు బాగున్నాయనే చెప్పింది.

పూర్ణ మాత్రం మనసులో కుమిలిపోతూనే ఉన్నాడు. వాడు చెబుతుంటే తను గోడవంక చూశాడు కదా అని.

ఇంతలో పెద్ద గాలివాన వచ్చి ఊళ్లో సగం స్తంభాలు పడ్డాయి. రెండ్రోజులు ఆఫీసులో ఊరందరి తిట్లూ పూర్ణ ఒక్కడే తిన్నాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, బూట్లయినా విప్పకుండా హాల్లో నేల మీద కూలబడి, మోకాళ్ల మీద తల పెట్టుకున్నాడు. హైమ వంటింట్లో కూర కలుపుతోంది. పెద్దావిడ దీపం పెడుతోంది.

లోహిత్ గదిలోంచి వచ్చాడు. తండ్రి చుట్టూ ఒకసారి తిరిగాడు. ఎదురుగా నిలబడ్డాడు. చెయ్యి చాపి ఆయన నెత్తిన పెట్టాడు. పెట్టి, సాగదీసి అన్నాడు.

"పాడైపోయిన నాన్న... కొంటామమ్మా!"

వంటింట్లో గరిట కింద పడింది. పెద్దావిడ చేతిలో అగ్గిపుల్ల చివరిదాకా కాలింది. పూర్ణ తలెత్తాడు.

ఒట్టేసి చెబుతున్నాను, ఆ మాట నాలో లేదు! ఫ్యాన్లున్నాయి, మిక్సీలున్నాయి, మరియమ్మ నింపినవన్నీ ఉన్నాయి. నాన్న లేడు. అది వాడు తెచ్చుకున్న మాట. నా వాక్యం విప్పి, తనకి కావలసింది మధ్యలో పెట్టి, తనే కట్టాడు. నేను ఇన్నేళ్లు అరిచి ఒక్క మాట కొత్తగా అనలేకపోయాను, నాలుగేళ్ల వెధవాయి అనేశాడు.

"కొనరా! నీకెంతకి కావాలంటే అంతకి కొనుక్కోరా!" అని పూర్ణ వాణ్ని పైకెత్తేశాడు. ఎత్తినవాడు ఊరుకున్నాడా? ఫ్రిజ్ మీంచి నన్ను లాగాడు. పిల్లాణ్ని చంకనేసుకుని, ఏ సందులో నా నోరు కట్టేయించాడో ఆ సందులోకే నన్ను తీసుకెళ్లి, మీట నొక్కి అరిచాడు.

"మావాడు నాన్నా అన్నాడండోయ్!"

ఎదురింటివాళ్లొచ్చారు. ఇస్త్రీబండి ఆయనొచ్చాడు. మేడమీది కుర్రజంట బాల్కనీలోకొచ్చి ఏమైందండీ అన్నారు. వచ్చిన ప్రతివాళ్లకీ పూర్ణ మొదట్నుంచీ చెప్పాడు, చెప్పిందే చెప్పాడు, మళ్లీ చెప్పాడు. నా బ్యాటరీ అయిపోతే ఉత్తి గొంతుతో చెప్పాడు. ఆపమని ఎవరూ అనలేదు.