మోకాళ్లకు చోటు

యాగ్లికా నా షెడ్డులోకి తల వంచుకుని వచ్చింది. నా గుమ్మం పొట్టిది. ఆ ఇంట్లోవాళ్లందరూ అలాగే వంగి వస్తారు: వాళ్ల నాన్న మిలాదిన్, ఆరు నెలల కిందట పోయిన అన్న వుకోతా, ఇప్పుడు ఈ పిల్ల. ఇరవై ఏళ్లది. రెండు మీటర్లకు బెత్తెడు తక్కువ. ఒంటి మీద అంతా నలుపే. మా కొండ ఊరు షావ్నిక్‌లో అన్న పోయిన చెల్లెలు ఏడాది పాటు మరో రంగు తొడగదు.

"గోయ్‌కో బాబాయ్, నాకో బండి వెతికిపెట్టాలి," అంది. "కొండబాటల్లో తిరిగేది, నూట పాతిక సీసీ. లైసెన్సు కోసం నేర్చుకుంటున్నా. అంతకన్నా పెద్దది నడపడానికి నాకు వీల్లేదు."

చేతిలోని స్పానర్ బల్ల మీద పెట్టాను. నలభై ఏళ్లుగా ఇక్కడే మోటారు సైకిళ్లు బాగుచేస్తున్నాను, అమ్మిపెడుతున్నాను.

"నీకెందుకే బండి? మీ నాన్నకి ఇప్పటికి పడ్డది చాల్లేదా?" అని కసిరాను. భయమేస్తే నాకు కోపం వస్తుంది. అదొక జబ్బు.

పిల్ల కదల్లేదు. "పశువుల ఆసుపత్రిలో ఉద్యోగమిచ్చారు. జూలై ఒకటి నించి సిన్యయెవీనా కొండ మీద కాపరుల గుడిసె గుడిసెకీ పోయి గొర్రెలకి టీకాలెయ్యాలి. జీపు సగం కొండ దాకే పోతుంది. సొంత బండి లేకపోతే ఉద్యోగం ఇంకొకళ్లకి."

"గుర్రమెక్కి పో."

"నువ్వు కొనిపెడతావా గుర్రం?" అని, గొంతు తగ్గించి అంది: "దొరక్కపోతే మా కొట్టంలో అన్నయ్య బండి ఉంది బాబాయ్. తాళంచెవి నాన్న ఎక్కడ దాచాడో నాకు తెలుసు. కొండ మీద లైసెన్సు అడిగేవాడెవడు?"

అన్నయ్య బండి అంటే ఆరువందల యాభై సీసీ. నవంబరులో, ఊరికి పైన కంకర మలుపులో, వుకోతా మీద పడ్డది అదే. వాణ్ణి దాని కింద నుంచి నలుగురు కలిసి తీశారు. బండికి మాత్రం ఒక అద్దం పగిలింది, అంతే.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఇన్నాళ్లూ ఎవరితోనూ అనలేదు.

ఆ పెద్ద బండికి ముందు వుకోతాకి ఒక నీలం బండి ఉండేది. నూట పాతిక. వాడు దాని మీదే నేర్చుకున్నాడు, దాని మీదే కొండంతా తిరిగాడు, దాన్ని ముద్దు చేసుకునేవాడు. ఒక ఆదివారం చైను బిగించమని నా షెడ్డుకు వచ్చాడు. అప్పుడిక్కడ ఏడెనిమిది మంది కాఫీలు తాగుతూ కూర్చున్నారు, మిలాదిన్ కూడా. నా వెధవ నోరు ఊరుకుందా! "ఏరా వుకోతా, బండిని నువ్వెక్కావా, నిన్ను బండెక్కిందా? మోకాళ్లు చెవుల్లో దూరుతున్నాయిరా, చెవుడొస్తుంది చూసుకో!" అన్నాను. అందరూ పడీపడీ నవ్వారు. వాడూ నవ్వాడు, కానీ చెవులు ఎర్రగా అయిపోయాయి.

మా కొండల్లో మగవాడు ఆకలిని ఓర్చుకుంటాడు, చలిని ఓర్చుకుంటాడు, నలుగురి నవ్వును మాత్రం ఓర్చుకోలేడు. మనిషి ఎత్తుకు తగ్గ ఇంజిను ఉండాలనేది ఇక్కడి పిచ్చి. పొడుగ్గా పుట్టినందుకు మాకు అంత గర్వం. వారం తిరక్కుండానే మిలాదిన్ వచ్చాడు. "నా కొడుకు నవ్వులపాలు కాకూడదు, పెద్దది చూడు," అన్నాడు. నేనే చూశాను. తాళంచెవి వాడి చేతిలో పెట్టింది నేనే. నీలం బండిని అడవి గార్డు పెర్కోకి అమ్మిపెట్టిందీ నేనే. అంత్యక్రియల రోజున నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. మిలాదిన్ నన్ను కావలించుకుని ఏడ్చాడు. చెంప మీద కొట్టినా బాగుండేది.

కాబట్టి యాగ్లికాకు కాదనలేకపోయాను. మూడు శనివారాలు నా వ్యానులో తిప్పాను.

నిక్షిచ్‌లో చూసిన బండి చూడ్డానికి ముచ్చటగా ఉంది. పిల్ల ఎక్కి హ్యాండిల్ తిప్పితే మోకాలికి కొట్టుకుంది. కొండమలుపులో అలా తగిలిందంటే మనిషి లోయలో ఉంటుంది. కొట్టువాడు చేతులు నలుపుకుంటూ, "ఇంత పొడుగమ్మాయికి ఈ పిల్లబండేమిటండీ, ఐదొందల సీసీ చూపిస్తా రండి," అన్నాడు.

"నీ నోరు పడిపోను! ఆ మాట ఇంకోసారి అన్నావంటే ఇక్కడే పాతేస్తా," అని వాడి మీదికి వెళ్లాను. యాగ్లికా నా చొక్కా పట్టుకుని బయటకు లాక్కొచ్చింది.

బెరానేలో దొరికింది పందెపు బండి. ఎత్తు సరిగ్గా ఉంది, మోకాళ్లకు చోటుంది, కానీ యాక్సిలరేటరు ముట్టుకుంటే చాలు ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. నేర్చుకునేవాళ్ల చేతికి ఇచ్చేది కాదది. పైగా దానికి దీపం లేదు, కాగితాలూ లేవు. మూడోది బియెలో పోలె అనే ఊళ్లో. ఫోనులో "చాలా ఎత్తయిన బండి" అన్న పెద్దమనిషి తీరా వెళితే తన పదేళ్ల మనవడి బండి చూపించాడు. యాగ్లికా దాని మీద కూర్చుంటే మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. ఆరు నెలల్లో ఆ పిల్ల నవ్వడం అప్పుడే చూశాను. నవ్వి, వెంటనే ఏదో తప్పు చేసినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తిరిగి వస్తుంటే దారిలో అడిగింది: "అన్నయ్య నీలం బండి ఇప్పుడెక్కడుంది బాబాయ్?"

"ఏ నీలం బండి?"

"నీకు తెలీదా ఏంటి?"

"అమ్మేశాం గదా. ఎన్ని చేతులు మారిందో, నాకేం తెలుసు!"

అబద్ధం. పెర్కో ఇల్లు నా షెడ్డుకు నాలుగు కిలోమీటర్లు. ఆ బండిని మళ్లీ చూడాల్సొస్తుందని, ఈ పిల్లను మూడు వారాలు ఊళ్లన్నీ తిప్పాను. నాకు మొహం చెల్లలేదు, అంతే.

తర్వాతి మంగళవారం యాగ్లికా కుంటుకుంటూ వచ్చింది. తొడ దాకా బురద, అరచెయ్యి గీరుకుపోయి రక్తం. అడగక్కర్లేకుండానే తెలిసిపోయింది.

"పెద్ద బండి తీశావా?"

"కొట్టం ముందే పడ్డా. వంద గజాలు కూడా పోలా. లేపడానికి నా బలం చాల్లేదు, పక్కింటాయన్ని పిలిచా. నాన్నకి చెప్పొద్దు."

అరిచాను, తిట్టాను, చేతికి దొరికిన డబ్బా గోడకేసి కొట్టాను. "ఇంకోసారి దాన్ని ముట్టనని మీ అన్న మీద ఒట్టెయ్యి! ఇప్పుడే, నా ముందరే!"

మా దగ్గర ఆడపిల్ల వేసే ఒట్లలో అన్న మీదో తమ్ముడి మీదో వేసేదే అన్నిటికన్నా పెద్దది. ఆ ఒట్టు విన్నాక ఇంక ఎవరూ సాక్ష్యం అడగరు. ఊరంతా రోజుకు పదిసార్లు వినే మాటే, అలవాటుగా నా నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు.

యాగ్లికా ఏడవలేదు.

"ఒట్టు ఉన్నవాళ్ల మీద వేస్తారు బాబాయ్, తప్పితే వాళ్లకేమన్నా అవుతుందనే భయంతో. అన్నయ్యకి ఇంకేమవుతుంది?"

పాత టైరు మీద కూలబడ్డాను. పిల్ల నల్లా దగ్గర చెయ్యి కడుక్కుంటున్న చప్పుడు వినిపిస్తూ ఉంది.

"నీలం బండి పెర్కో దగ్గరుంది," అన్నాను. "మొదటి రోజు నించీ తెలుసు."

నల్లా కట్టేసింది. "నాకూ తెలుసు. నువ్వే చెప్తావని చూశా."

పెర్కో మారుమాట్లాడకుండా ఇచ్చేశాడు. నడుంనొప్పి వచ్చి వాడు బండెక్కడమే మానేశాడట. సీటు మీద కోడిపెట్ట కూర్చుని ఉంది. మర్నాడు పొద్దున ఎనిమిదికి షెడ్డు తలుపు లోపల గడియ పెట్టి పని మొదలుపెట్టాను.

ముందు టేపు తీసి యాగ్లికాను కొలిచాను. తుంటి నుంచి మోకాలు, మోకాలి నుంచి మడమ, నిలబడితే మోచెయ్యి ఎంత ఎత్తులో ఉంటుందో అదీ. దర్జీ కొలిచినట్టు కొలిచాను. పొడుగువాళ్లకు బండి ఎంత పెద్దదనేది కాదు లెక్క. సీటుకూ పాదం పెట్టే మెట్టుకూ మధ్య ఎంత దూరముందో అదీ లెక్క. సీటు విప్పి, జీనులు కుట్టే ముసలాయన దగ్గర తెచ్చిన గట్టి స్పాంజి నాలుగు వేళ్ల మందాన వేసి, మళ్లీ తోలు బిగించాను. ఎంత లేపినా ఈ పిల్ల కాళ్లు నేలకు ఆనుతాయి. పొడుగువాళ్లకున్న సుఖం అదే. మెట్లకు ఇనుప పట్టీలు వెల్డింగు చేసి రెండు వేళ్లు కిందికీ, కాస్త వెనక్కీ జరిపాను. హ్యాండిల్ కింద దిమ్మలు పెట్టి మూడు వేళ్లు పైకి లేపాను. వెనక స్ప్రింగు బిగించాను. అంతే. మధ్యాహ్నం రెండయింది.

యాగ్లికా ఎక్కి కూర్చుంది. హ్యాండిల్ ఇటూ అటూ పూర్తిగా తిప్పింది. మోకాళ్లకు తగల్లేదు. మెట్ల మీద లేచి నిలబడింది, నడుం వంచాల్సిన అవసరం రాలేదు. "ఇది నా బండే," అంది మెల్లగా.

తలుపు చప్పుడయింది. గడియ తీస్తే మిలాదిన్. నవంబరు నుంచి గడ్డం తీయలేదు, అంతా తెల్లబడిపోయింది. పక్కింటాయన చెప్పాడో ఏమో, పెద్ద బండి సంగతి తెలిసినట్టే ఉంది. కూతురి కట్టు కట్టిన చెయ్యి చూశాడు. నీలం బండిని గుర్తుపట్టి ఆగిపోయాడు.

"వంతెన దాకా పోయి రానా నాన్నా?" అంది యాగ్లికా.

ఆయన తలూపాడు. పిల్ల హెల్మెట్ పెట్టుకుని, నెమ్మదిగా, తడబడుతూ బయటకు నడిపింది. మేమిద్దరం గుమ్మంలో నిలబడ్డాం.

"అదేనా?" అన్నాడు.

"అదే."

"ఎంతసేపు పట్టింది నీకు?"

"ఆరు గంటలు."

"ఆరు గంటలు," అన్నాడు మిలాదిన్. గడ్డం మీద చెయ్యి పెట్టుకున్నాడు. "వాడికైతే?"

"సీటు ఇంకో రెండు వేళ్లు ఎత్తాల్సొచ్చేది. మిగతాదంతా ఇదే."

"అంటే, అయ్యేదే."

ఈ ఒక్కసారైనా నా నోరు చెప్పాల్సింది చెప్పాలి. "అయ్యేదేరా. ఆ ఆదివారం నలుగుర్నీ నవ్వించడం మాని టేపు తీసుంటే అయ్యేదే. నా వల్లే పోయాడు మిలాదిన్. నన్ను కొడతావో చంపుతావో నీ ఇష్టం."

ఆయన నన్ను కొట్టలేదు. "నేనూ నవ్వానురా ఆ రోజు," అన్నాడు. "అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే. వాడు నా మొహమే చూశాడు."

జేబులోంచి పెద్ద బండి తాళంచెవి తీసి నా బల్ల మీద పెట్టాడు. "రేపు ట్రాలీ పంపు. ముక్కలు ముక్కలుగా విప్పెయ్. ఎవడికీ అమ్మకు."

"సరే."

చిన్న ఇంజిను చప్పుడు వంతెన దగ్గర ఒకసారి ఆగింది. మిలాదిన్ నా చెయ్యి పట్టుకున్నాడు. మళ్లీ మొదలైంది, దగ్గరకు రాసాగింది. పిల్ల మలుపు తిరిగి కనబడేదాకా మిలాదిన్ నా చెయ్యి వదల్లేదు.