చొక్కాజేబులో నాయనమ్మ మాట

ప్రతి నెలా రెండో శనివారం పొద్దున్నే డ్రైవరు తాత స్కూలు బస్సు అద్దాలు తుడిచి, చక్రాలకు తలో తన్ను తన్ని గాలి చూసుకుని, చివరగా తలుపు పక్కన మూత ఉన్న వెదురుబుట్ట పెట్టేవాడు. తన్నితే గాలి తెలుస్తుందా అంటే, ఇరవై ఎనిమిదేళ్ల నుంచీ తెలుస్తూనే ఉంది. మెకానిక్కు ఒప్పుకోడు. మెకానిక్కు ఏ రోజున ఏది ఒప్పుకున్నాడు గనక! ఇంతకీ బుట్ట సంగతి.

చైనా భాష నేర్పే టీచరమ్మ ఆ రోజు పిల్లల్ని బయటికి తీసుకెళ్లేది. కుంచెతో అక్షరాలు దిద్దించడం, ఎర్ర కాగితాలు కత్తిరించి పువ్వులు చేయించడం, పాటలు పాడించడం వారమంతా ఉండేవే. ఆ శనివారం మాత్రం చైనావాళ్ల దుకాణాలుండే వీధిలో దిగి, నిజం మనుషులతో మాట్లాడి రావాలి. దిగేముందు ఒక్కొక్కరూ దోసిట్లోకి ఊది, ఇంట్లో మాట్లాడే మాటను బుట్టలో వదలాలి. ఎక్కేటప్పుడు ఎవరిది వాళ్లు తీసుకోవాలి. బుట్టలో అవి గోరువెచ్చగా, కోడిపిల్లల్లా కువకువలాడుతూ ఉండేవి. వాటికి కాపలా తాత.

"నోటినిండా ఒకటి పెట్టుకుని ఇంకోటి ఎక్కడ పెడతారర్రా? ఊదండి, ఊదండి" అనేది టీచరమ్మ.

ఆ తరగతిలో పదేళ్ల పిల్ల ఒకతి ఉండేది. తోటిపిల్లలు ఆమెను గవ్వ అనేవాళ్లు. కుంచె పట్టిందంటే అక్షరాలు అచ్చుగుద్దినట్టు వచ్చేవి. పుస్తకం మొత్తం కంఠతా. మొదటిసారి తప్ప, వీధిలో దిగితే మాత్రం నోరు పెగిలేది కాదు. ఆ తర్వాత రెండు శనివారాలు అలాగే పోయాయి. ఈసారి కూడా ఒక్క వాక్యమైనా మాట్లాడకపోతే కుట్టుపని క్లాసుకు మార్చేస్తామని హెడ్మాస్టరు చెప్పేశాడు. చైనా క్లాసులో ఉన్నవి పన్నెండు కుర్చీలు, బయట కాచుకున్నవాళ్లు ముప్ఫైమంది. ఆయన మాత్రం ఏం చేస్తాడు.

ఆ శనివారం రానే వచ్చింది. బస్సు కుంచెల దుకాణం ఎదురుగా ఆగింది.

"ఇవాళ ముందు నడిచేది నువ్వే" అంది టీచరమ్మ గవ్వతో. "అందరికీ కలిపి పన్నెండు కుంచెలు అడగాలి. నేను పక్కన నిలబడతాను గాని పలకను."

వడగళ్లు అనే వసపిట్ట ఒకతి వెనక నుంచి అందుకుంది. "ఏమే గవ్వా, కుట్టుపనికి పోతే ముందు నాకే జేబురుమాలు కుట్టివ్వాలి, ఇప్పుడే చెబుతున్నా!"

"ముందు నీ నోరు కుడతాలే" అంది గవ్వ.

టీచరమ్మ వెంట పిల్లలంతా ఊది దిగిపోయారు. గవ్వ ఆఖరున మిగిలింది. దోసిట్లోకి ఊదీ ఊదనట్టు ఊది, మెట్టు మీద కాలు పెట్టబోయింది.

"ఆగు. లోపల ఇంకా ఉంది" అన్నాడు తాత.

"లేదు."

"మరి ఆ 'లేదు' ఎక్కడ్నుంచి వచ్చిందమ్మా?"

పిల్ల తల వంచుకుంది. "మొదటిసారి నువ్వే కదా తాతా, ఊరికే బ్రేకు వేశావు!" అంది.

ఊరికే కాదు, కుక్క అడ్డం వచ్చింది. కాని కుక్క పేరు చెప్పి తప్పించుకునే మనిషి కాదు తాత. ఆ రోజు బుట్ట దొర్లి గవ్వ మాటా వడగళ్ల మాటా తారుమారయ్యాయి. సోమవారం బళ్లో ఎవరిది వాళ్లు తీసుకున్నారు.

"ఆ రెండ్రోజులు నాకు నాయనమ్మ మాట రాలేదు. నాయనమ్మ పోయింది కదా. ఆవిడలా అమ్మ మాట్లాడదు, నాన్న మాట్లాడడు. నాకొక్కదానికే వచ్చు. అది కూడా పోతే ఇంక నాయనమ్మ ఎక్కడుంటుంది?"

తాత గడ్డం గోక్కున్నాడు. "అయితే కుట్టుపనికి పోతావా?"

"పోను! ఇవాళ మాట్లాడతాను. కాని దాన్ని బుట్టలో వెయ్యను."

రెండూ ఎలా కుదురుతాయే పిచ్చిపిల్లా అని అననేలేదు తాత. చొక్కా ఎడమ జేబులోంచి కళ్లజోడు తీసి సీటు మీద పెట్టాడు. "ఇందులో వెయ్యి. దీనికి బొత్తాం ఉంది. బస్సు దొర్లినా ఇది దొర్లదు."

గవ్వ ఊరికే నమ్మలేదు. వేలు పెట్టి మూలలన్నీ తడిమింది. "ఇక్కడ చిరుగుంది."

తాత పిన్నీసు వెతికి చిరుగు మూశాడు. అప్పుడు ఆ పిల్ల కళ్లు మూసుకుని, గుండె అడుగు నుంచి ఊదింది. జేబు బరువుగా కిందికి సాగింది. గవ్వ మెట్లు దిగింది.

తాత కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. కాస్త దగ్గాడు.

"ఆ దగ్గేమిటి నాయనా? నీ ఒళ్లు బంగారం గానూ, కాసిని వేణ్ణీళ్లు తాగకూడదూ? ఇంట్లో అడిగేవాళ్లు లేరా ఏం?" అంది జేబు.

"లేరమ్మా" అన్నాడు తాత.

గవ్వ దుకాణం నడిపే ముసలామె ముందు నిలబడింది. నోరు తెరిచింది. ఏదో అడిగింది కూడా. తాతకు వినపడలేదు గాని, ముసలామె తల ఊపడం కనిపించింది. ఆ తల ఊపుతోనే సరిపెడితే బాగుండేది. ఆమె రెండు కుంచెలు తీసి పట్టుకుని ఎదురు ప్రశ్న వేసింది. లావువా, సన్నవా? మెత్తని మేకబొచ్చువా, గట్టివా? పుస్తకంలో ఈ ప్రశ్న లేదు. గవ్వ బిగుసుకుపోయింది. టీచరమ్మ పెదవి కొరుక్కుంది గాని, అన్న మాట ప్రకారం పలకలేదు. గవ్వ వెనక్కి తిరిగి బస్సు వైపు చూసింది.

తాత లేచి నిలబడ్డాడు. మోకాళ్లు కలుక్కుమన్నాయి. కిటికీకి ఛాతీ ఆనించి, జేబు మీద అరచెయ్యి వేసి తట్టాడు. ఉంది, ఇక్కడే ఉంది.

గవ్వ మళ్లీ ముసలామె వైపు తిరిగింది. చెయ్యి చాచి సన్న కుంచె చూపించింది, కాదని తల ఊపి లావుది పట్టుకుంది, మొనను వేలితో నొక్కి చూసింది. ఆ తర్వాత మాట్లాడింది. తడుముకుంటూ, తప్పు దిద్దుకుంటూ, ఒకటి కాదు, తాత లెక్కపెట్టడం మానేసేటన్ని వాక్యాలు. ముసలామె పకపకా నవ్వి పదమూడో కుంచె ఊరికే పెట్టింది.

పిల్లలు తిరిగొచ్చి బుట్ట మీద పడ్డారు. గవ్వ తాత దగ్గరికే వచ్చింది. తాత పిన్నీసు కదలకుండా బొత్తాం మాత్రం విప్పాడు. ఆ పిల్ల జేబు దగ్గర ముఖం పెట్టి గట్టిగా పీల్చుకుంది. ఒక క్షణం ఆగి, నాలుక తిప్పి చూసుకుంది.

"అలా గుడ్లప్పగించి చూస్తావేం నాయనా? నీ ఒళ్లు బంగారం గానూ, బండి తియ్యి!" అంది గవ్వ.

తాత బండి తీశాడు. దారిలో ఒక్క బ్రేకూ గట్టిగా వెయ్యలేదు.

గవ్వ పెద్దదై దుబాసీ అయింది. రెండు దేశాల ఓడలవాళ్ల మధ్య కూర్చుని, ఇటు మాట అటూ అటు మాట ఇటూ చేరవేసేది. ఆమె తొడిగే ప్రతి చొక్కాకూ ఎడమవైపు బొత్తాం ఉన్న జేబు ఒకటి ఉండేది. పని మొదలయ్యే ముందు దాంట్లోకి ఒకసారి ఊది, బొత్తాం పెట్టుకునేది. ఆ జేబులన్నీ దర్జీయే కుట్టేవాడు. కుట్టుపని ఆమెకు ఏనాడూ రాలేదు.