ఒకే బల్ల దగ్గర తోడల్లుళ్లు

బడులు కట్టడానికి ఐదు పురపాలక సంఘాలు కలిసి ఒక ఒప్పందం రాసుకున్నాయి. ఎవరికి వారు టెండర్లు పిలవడం మాని, అందరూ ఒప్పుకున్న జాబితాలోంచే కాంట్రాక్టరును తీసుకోవాలి. ప్లాను గీసే రోజు నుంచే అతని మనుషులు కూడా బల్ల దగ్గర కూర్చోవాలి. తేడా కనిపిస్తే ఎవరైనా సరే ముందుగా కాగితం మీద చెప్పాలి. చెప్పినవాడి మీద నింద వెయ్యకూడదు.

మొదటి బడికి సంఘం తరఫున వచ్చిన ఇంజనీరూ, కాంట్రాక్టరు తరఫున వచ్చిన సైట్ మేనేజరూ తోడల్లుళ్లు. ఇంజనీరు పెద్దల్లుడు. మరదలి పెళ్లి మాటలప్పుడు, ‘సిమెంటు బస్తాలు మోయించేవాడికి పిల్లనిస్తారా’ అని ఆయన అన్న మాట మేనేజరు చెవిన పడింది. పదకొండేళ్లయినా ఒకరి గాలి ఒకరికి గిట్టదు. ఈ చుట్టరికం సంగతి ఇద్దరూ ఆఫీసుకు రాసిచ్చారు. పై అధికారి చదివి, “ఇంకా మంచిది, కలుపుగోలుగా ఉంటారు,” అన్నాడు.

రెండో సమావేశంలోనే మేనేజరు ఒక కాగితం ముందుకు తోశాడు.

“తూర్పు మూల ఊట పడేలా ఉంది సార్. మట్టి పరీక్ష మళ్లీ చేయించండి.”

ఇంట్లో ‘అన్నయ్యా’ అనక తప్పేది కాదు. ఇక్కడ ‘సార్’ అన్న మాటను రాయిలా విసిరేవాడు.

“పరీక్ష చేసినవాళ్లకి తెలీదా?”

“వాళ్లు ఎండాకాలంలో చేశారు.”

“నాకు పాఠాలు చెప్పకు. నీ పని చూసుకో.”

ఇంజనీరు ఆ కాగితాన్ని సొరుగులో పడేశాడు. నిజానికి ఆయనకూ అనుమానం ఉంది. ఇంకెవరు చెప్పినా మర్నాడే మనుషుల్ని పంపేవాడు. ఇతని మాట మీద పంపడానికి మనసొప్పలేదు.

మూడు వారాలకు ఒక మధ్యాహ్నం తూర్పు గోతి గోడ జారింది. ఇనుము కడుతున్న మేస్త్రీ నడుము దాకా మట్టిలో కూరుకుపోయాడు. అతన్ని లాగబోయిన మేనేజరు కాలు విరిగింది.

ఆసుపత్రి వరండాలో మరదలు ఇంజనీరుకు అడ్డంగా నిలబడింది.

“ఆ కాగితం మీ దగ్గరే ఉందటగా బావా?”

ఆయన తల దించుకున్నాడు.

“లోపలికి రాకండి,” అందామె.

తర్వాతి సమావేశానికి మేనేజరు చంకకర్రలతో వచ్చాడు. మేస్త్రీని కూడా పిలిపించారు. ఇంజనీరు లేచి, కాగితం దాచింది తనేనని, పంతంతోనే దాచానని చెప్పాడు. పై అధికారి ‘ఎవరినీ నిందించొద్దు’ అని మొదలుపెట్టబోతే మేనేజరు అడ్డొచ్చాడు.

“పని ఆపే హక్కు నాకూ ఉంది. ఈయన తప్పని తేలితే చూద్దామని ఆపలేదు.”

మేస్త్రీ ఇద్దరి వంకా మార్చి మార్చి చూశాడు.

“అంటే మీ ఇద్దరికీ తెలుసన్నమాట. గోతిలో దిగేవాడికి తప్ప అందరికీ తెలుసు. మీరూ మీరూ తన్నుకోండి, నాకేం. ఆ కాగితం ఏదో ముందు మాకు చదివి వినిపించండి.”

ఆ మాటను ఒప్పందంలో చేర్చారు. పునాది మార్చి గీశారు. బడి ఏడాది ఆలస్యంగా లేచింది.

తెరిచిన రోజు తోడల్లుళ్లు చెరో గేటు నుంచి వచ్చారు. మేస్త్రీ ఇద్దరిలో ఎవరికీ నమస్కారం పెట్టలేదు.