తొందరపడి చెప్పిన సాక్ష్యం

నిచ్చెన మీద మా ఆయన ఉన్నాడు, కింద నేను నిచ్చెన పట్టుకుని ఉన్నాను, ఎంతసేపటి నుంచి పట్టుకున్నానో తెలియదు గాని చేతులు తిమ్మిరెక్కాయి, ఆయన పోయి ఎనిమిది నెలలైందన్న సంగతి నాకు బాగానే గుర్తుంది, అయినా పోయినవాడు నిచ్చెన ఎక్కితే పట్టుకోకుండా ఎలా ఉంటాం అనుకుంటున్నాను. గోడ మా అద్దంకి చర్చి గోడే. కాకపోతే ఒక పక్కనుంచి అది గుంటూరు ఆసుపత్రి వరండాలోకి సాగిపోతోంది, ఈ కొసన చెప్పులు విడిచిన గుమ్మం, ఆ కొసన బల్లల మీద చీటీలు పట్టుకుని కూర్చున్న జనం, మధ్యలో ఎక్కడా అతుకు కనపడదు. ఎండా లేదు, నీడా లేదు. జనమంతా నావైపు వీపులు పెట్టి కూర్చున్నారు.

"గట్టిగా పట్టుకోవే రూతమ్మా, ఊగతా ఉంది," అంటాడు ఏసోబు, కిందికి చూడకుండానే.

"పట్టుకునే ఉన్నాలే. ఊగేది నువ్వు, నిచ్చెన కాదు," అంటాను. కాపురం చేసినన్నాళ్ళూ ఆయనతో ఇలాగే మాట్లాడాను, చనిపోయాడని గొంతు మార్చుకోవడం నాకు చేతకాదు.

మా ఆయన బోర్డులు రాసేవాడు. ఊళ్ళో సగం దుకాణాల పేర్లు ఆయన చేతివే, ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయి, లారీల వెనక నాలుగు అక్షరాలు, చర్చి గోడ మీద రాత, అంతే మిగిలింది. అక్షరాల ఒళ్ళు ముందు రాసుకుంటూ పోయి, తలకట్లన్నీ ఆఖర్న ఒక్కసారిగా పెట్టడం ఆయన పద్ధతి. ఇప్పుడు కూడా తలకట్లు లేని అక్షరాలు గోడ నిండా ఉన్నాయి, చదవబోతే పక్కకు జారుకుంటున్నాయి, కానీ అవి నా మాటలేనని చదవకుండానే నాకు తెలుస్తోంది.

మా చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. నెలలో మొదటి ఆదివారం, దేవుని మేలు పొందినవాళ్ళు లేచి సాక్ష్యం చెబుతారు, మేలు పెద్దదైతే పాస్టరు అయ్యగారు దాన్ని ఒక్క వరుసలో గుమ్మం పక్క గోడ మీద రాయిస్తారు, రాసేది మా ఆయనే. పోయిన ఏడాది ఆయన కడుపులో గడ్డ తీసేసి, నెలల తరబడి మందులెక్కించాక, స్కానింగులో ఏమీ కనపడలేదన్నారు. మూడు నెలలాగి మళ్ళీ చూద్దామన్నాడు డాక్టరు. నేను మూడు రోజులు కూడా ఆగలేదు, ఆ ఆదివారమే లేచి నిలబడ్డాను. అంగన్వాడీ టీచర్ని, ముప్పైమంది పిల్లల గోలలోంచి కూడా వినపడే గొంతు నాది, మైకు వద్దన్నాను. నా భర్తను దేవుడు పూర్తిగా బాగుచేశాడు అన్నాను, 'పూర్తిగా' అని రెండుసార్లు అన్నాను, అందరూ చప్పట్లు కొట్టారు. మరుసటి వారం ఏసోబు నిచ్చెనెక్కి తన స్వస్థత వరుసను తన చేత్తోనే గోడ మీద రాసుకున్నాడు.

అప్పటికే నొప్పి తిరగబెట్టింది. నాకు చెప్పలేదు. రెండు నెలల తర్వాత ఒక పొద్దున మంచం మీద నుంచి లేవలేకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళాను, ఎప్పటి నుంచి ఉందయ్యా నొప్పి అని డాక్టరు అడిగితే, "గోడ రాసేటప్పటి నుంచీ" అన్నాడు మా ఆయన, నా మొహం వైపు చూడకుండా. కాస్త ముందొచ్చి ఉంటే అని మొదలుపెట్టి డాక్టరు మిగతా మాట మింగేశాడు. ఆ మిగతా మాటను, ఆయన పోయినప్పటి నుంచీ, ఎనిమిది నెలలుగా నేను ఒక్కదాన్నే పూర్తి చేసుకుంటున్నాను.

"దిగు," అంటాను.

"ఇంకా తలకట్లు పెట్టలేదే."

"పెట్టొద్దు. ఆ వరుస మీద సున్నం కొట్టెయ్. నన్ను చూసి అందరూ దాని వంక చూస్తన్నారు."

ఆయన దిగడు, కానీ నిచ్చెన లేదు, ఆసుపత్రి బల్ల మీద నా పక్కన కూర్చుని ఉన్నాడు, చేతి నిండా నీలం రంగు, ఒంటి మీద టర్పెంటు వాసన, నేను మాత్రం లేని నిచ్చెనను ఇంకా పట్టుకునే ఉన్నాను. ఎక్కడో లోపలి నుంచి మైకులో పేర్లు పిలుస్తున్నారు, ఆ గొంతు నాదే, ప్రతి పేరు తర్వాత "పూర్తిగా, పూర్తిగా" అంటోంది, నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోతోంది.

"నొప్పని నాకెందుకు చెప్పలా?" అని అడుగుతాను. ఇది అడగడానికే ఇంత దూరం వచ్చాననిపిస్తుంది.

"ఏమని చెప్పేది? ఆ రోజు నీ మొహం చూశాగా. మన పెళ్ళిలో కూడా అట్టా లేదు నీ మొహం. వారం తిరక్కముందే నొప్పొస్తాందే అంటే నువ్వు అబద్ధం చెప్పినట్టయిద్ది. నువ్వు కాదనుకుంటే దేవుడు చెప్పినట్టయిద్ది. ఇద్దర్నీ ఇరికించటం ఎందుకులే అని ఊరుకున్నా."

"మా ఇద్దరి పరువూ కాపాడి నువ్వు పోయావా?"

"పోతాననుకోలేదే. తగ్గిద్దిలే అనుకున్నా."

నాకు ఏడుపు రావాలి, కోపం వస్తోంది. "నేను నోరు మూసుకుని కూర్చుంటే నువ్వు చెప్పేవాడివి. చెప్పుంటే బతికేవాడివి. దేవుణ్ణి పొగిడి నిన్ను నేనే చంపుకున్నా," అంటాను. ఈ మాట ఎవరితోనూ అనలేదు. దేవుని చిత్తం అమ్మా అంటూ వచ్చిన ఆడవాళ్ళందరికీ టీ ఇచ్చి పంపించాను, అయ్యగారు ప్రార్థన చేస్తానంటే తలనొప్పిగా ఉందన్నాను, మాకు పిల్లల్లేరు, ఇంట్లో గోడలు తప్ప వినేవాళ్ళు లేరు.

"బతికేవాణ్ణో లేదో నాకేం తెలుసు?" అంటాడు ఏసోబు. "పోయినోళ్ళకి అన్నీ తెలుస్తయ్యనుకున్నావా?"

"మరి ఆ దేవుణ్ణి అడగలేదా? నా చేత అంతమందిలో పొగిడించుకుని ఎందుకిట్టా చేశావని ఒక్క మాట అడగలేకపోయావా?"

ఆయన గోటి కింద ఎండిన రంగును తీసుకుంటూ కూర్చుంటాడు. బల్లల మీద జనం ఒకరొకరే తగ్గిపోతున్నారు, లేచినవాళ్ళు లోపలికి వెళ్తున్నట్టూ లేదు, బయటికి వస్తున్నట్టూ లేదు.

"నువ్వడుగు. నీకున్న గొంతు నాకు లేదుగా," అంటాడు చివరికి.

"నేను మాట్లాడటంలా ఆయనతో."

"నాతో మాట్లాడతన్నావుగా. చచ్చినోడితో మాట్లాడతావు, ఉన్నోడితో మాట్లాడవా?"

"నాకు కోపంగా ఉంది."

"కోపంగానే మాట్లాడు. పెళ్ళయిన కాణ్ణించీ నాతో అట్టాగేగా మాట్లాడింది. ఏనాడన్నా లేచి పోయానా?"

"పోయావుగా," అంటాను.

వరండా ఖాళీ అయిపోయింది, ఇప్పుడు అది మా అంగన్వాడీ గదిలాగా ఉంది, పిల్లలందరూ ఇళ్ళకు వెళ్ళిపోయాక ఉండేటట్టు, గోడకు చార్టులున్నాయి కాని వాటి మీద బొమ్మల్లేవు. ఇంత పెద్ద చోట మేమిద్దరమే, అందులో ఒకరు లేనట్టే.

"యాడ నొప్పి?" అని అడుగుతాను. బతికుండగా ఆ చోటు ఏనాడూ తాకనివ్వలేదు, అటు తిరిగి పడుకునేవాడు. ఇప్పుడు నా చెయ్యి తీసుకుని కుడి పక్క డొక్క కింద ఆనించుకుంటాడు, అక్కడ గట్టిగా ఉంది, వెచ్చగా ఉంది, నా వేళ్ళకు నీలం రంగు అంటుకుంటోంది.

"నువ్వు లేచి నిలబడ్డప్పుడు కూడా కొంచెం ఉందే," అంటాడు మెల్లిగా.

"ఎవరికన్నా చెప్పావా?"

"ఆయనకి చెప్పుకున్నా. రోజూ పొద్దున్నే. నువ్వు పొయ్యి కాడ ఉన్నప్పుడు."

నిజమే, ఆ రెండు నెలలూ పొద్దున ప్రార్థన చాలాసేపు చేసేవాడు, కాఫీ చల్లారిపోతోందని నేను కేకలేసేదాన్ని, స్వస్థత పొందినవాడికి కృతజ్ఞత ఎక్కువగా ఉంటుందిలే అని మురిసిపోయేదాన్ని. ఇంకా అడగబోతున్నాను, మైకులో నా గొంతు ఏసోబు పేరు పిలుస్తుంది, పిలవొద్దని నా నోరు నేనే మూసుకోబోతాను, మూయాలంటే ఆయన డొక్క మీద నుంచి చెయ్యి తియ్యాలి, తియ్యలేను, పిలుపు ఆగదు, చెయ్యి కింద ఆయన పల్చబడిపోతున్నాడు.

మెలకువ వచ్చింది.

ఆదివారం, పదిన్నర అవుతోంది. ఈ ఎనిమిది నెలలూ ఆరాధన వేళకు కిటికీ మూసుకుని పడుకోవడం అలవాటైంది, ఈ రోజు మూయడం మరిచిపోయినట్టున్నాను. చర్చి మైకు వినపడుతోంది, ఎవరో కొడుక్కి ఉద్యోగం వచ్చిందని సాక్ష్యం చెబుతున్నారు. నా కుడి చెయ్యి నా డొక్క కిందే ఉంది, వేళ్ళు చీర మీద ఎంత గట్టిగా నొక్కుకున్నాయో, తీసి చూస్తే ఒంటి మీద చీర మడతలు ఎర్రగా అచ్చుపడ్డాయి. రంగేమీ అంటలేదు. ఆ చోట మాత్రం నిజంగానే నొప్పిగా ఉంది.

మంచం మీదే లేచి కూర్చున్నాను. ప్రార్థనప్పటిలా కొంగు తల మీదికి ఎప్పుడు లాక్కున్నానో తెలియదు.

"నీకు రోజూ చెప్పుకున్నాడంటగా," అన్నాను పైకే, ఖాళీ గదిలో, పిల్లల్ని గద్దించే గొంతుతో. "అన్నీ విన్నావుగా. ఆయన దాచాడు సరే, నాకు నువ్వన్నా ఎందుకు చెప్పలా?"

మైకులో చప్పట్లు మొదలై ఆగిపోయాయి. నేను ఆమేన్ అని ముగించలేదు, అడగాల్సినవి ఇంకా ఉన్నాయి.