రెండు కాపలాల మధ్య చేప

ముందు ఇంటర్నెట్ తీగ పీకాలి. రెండు యాంటీవైరస్‌లలో ఒకదాన్ని తీసెయ్యాలి. కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వెయ్యాలి. ఆ తర్వాత బాపా గీసిన చేప నమూనాను వెతకాలి. సుకాంతి మెహెర్ ఇవన్నీ వరసగా అనుకుని కుర్చీ లాక్కుంది.

బర్‌గఢ్‌లోని ఆ నేతింట్లో నూలు చట్రమెక్కి ఎదురుచూస్తోంది. నమూనా చూడందే రంగంటకూడని చోట నూలుకు ముడులు వెయ్యలేరు, ముడులు పడందే రంగులో ముంచలేరు. సుకాంతి బాపా అని పిలిచే తండ్రి పోయేముందు గీసిన ఆ చివరి నమూనా కాగితం మీద లేదు, ఈ కంప్యూటర్లోనే ఉంది. అదేమో నిన్నటినుంచి ఏది తెరవబోయినా బిగుసుకుపోతోంది.

"పాతదానికి తోడుగా ఇంకోటి నేనే వేశాను. వాకిట్లో రెండు కుక్కలుంటే దొంగ భయం ఉండదు కదే!" అన్నాడు మేనమామ.

"దొంగ సంగతి దేవుడెరుగు మామూ, అవి ఒకదాన్నొకటి కరుచుకుంటూ ఇంట్లోవాళ్లనే రానివ్వట్లేదు."

కొత్తదాన్ని తీసెయ్యబోతే పాతది అడ్డుపడింది.

"రెండూ పీకి పారెయ్యవే!"

చిక్కుపడ్డ నూలును రెండు కొసలా లాగితే తెగుతుందని బాపా అనేవాడు. సుకాంతి ఓపికగా కూర్చుని, రెండూ ఏ ఫైళ్లను వైరస్ అనుకుని బంధించాయో చూసింది. చేప పాతదాని చెరలో ఉంది. రెండూ పీకేస్తే అదీ పోయేదే! కాపలాలు రెండూ నిద్రపోయే సేఫ్ మోడ్‌లో మామ వేసినదాన్ని మాత్రమే తీసేసి, కంప్యూటర్ మళ్లీ వేసి, చేపను విడిపించింది.

మామ ముడుల దారం అందుకున్నాడు.

ఎక్కడైనా చీర అంచున వెనక్కి తిరిగి చూస్తున్న చేప కనిపిస్తే, దాన్ని గీసిన దైతారి మెహెర్‌ను ఒక్కసారి తలుచుకోండి.