అరచేతిలో మిగిలిన మందు

ఇంజెక్షన్ సూది పేరు చెబితేనే పక్కింటిదాకా పరిగెత్తే అమ్మ, గర్భసంచి తీసేయాలంటే మాత్రం "తీసేయండి" అని తలూపేసింది. పండుకి అక్కడే అనుమానం రావాల్సింది. రాలేదు. అలసిపోయిన బుర్రకి అనుమానాలు కూడా ఆలస్యంగానే వస్తాయి.

పండు అనేది ఇంట్లో పిలుపు. కొడుకుగా పుట్టిన మనిషి కూతురుగా బతకడం మొదలుపెట్టింది. పేరు మార్చుకుంది, బట్టలు మార్చుకుంది, డాక్టరు రాసిచ్చిన హార్మోన్ మందుతో మూడేళ్ళుగా ఒళ్ళు కూడా మార్చుకుంటోంది. ఆ ఇంట్లో మారనిది ఈ పిలుపొక్కటే. అది అమ్మకి బాగా కలిసొచ్చింది. కొడుకనీ అనక్కర్లేదు, కూతురనీ అనక్కర్లేదు, పండూ అంటే పనైపోతుంది. ఈ మందు సంగతి మీద అమ్మ మంచికో చెడుకో ఒక్క మాట అన్న పాపాన పోలేదు. అమ్మ అనని మాటలు కూడా కలిపి అన్నయ్యే అన్నాడు. "ఆ మందులు ఇంట్లో ఉంటే ఎప్పుడో ఎవరి ప్రాణం మీదికో వస్తుంది. ఆ రోజు అమ్మని నా దగ్గరికి తీసుకుపోతా, నువ్వూ నీ మందులూ ఊరేగండి," అన్నాడు. వాడి నోటికి హద్దూ అదుపూ లేదులే అని పండు ఊరుకుంది కానీ, ఆ మాట ముల్లులా గుచ్చుకునే ఉంది.

ఆ మందు జెల్. పొద్దున్నే స్నానం చేసి తడి ఆరాక భుజం కింద చేతికి రాసుకోవాలి. అది ఆరేదాకా చొక్కా వేసుకోకుండా, చేతుల్లేని బనీను మీదే కూర్చోవాలి. ఎవరికి వాళ్ళు చేసుకునే పనే. కానీ చలికాలం మొదట్లో, పండు పనిచేసే హోటల్ లాండ్రీలో, వేడి రోలర్ల మధ్య ఒక దుప్పటి ఇరుక్కుంది. మిషన్ ఆపాకే చెయ్యి పెట్టాలి. కొత్తగా చేరినవాళ్ళకి ఆ ముక్క రోజూ చెప్పేది పండే. ఆ రోజు వెనకాల దుప్పట్లు గుట్టలు పడి ఉన్నాయి, సూపర్‌వైజరు చెవిలో జోరీగలా రొద పెడుతున్నాడు, పండు మిషన్ ఆపకుండా దుప్పటి లాగబోయింది. రెండు అరచేతులూ కాలాయి. తొడ మీది చర్మం తీసి అతికారు. ముందు కట్లు, తర్వాత బిగుతు తొడుగులు. వేళ్ళు కట్టెల్లా బిగుసుకుపోయాయి.

అమ్మే అన్నం తినిపించింది, అమ్మే తల దువ్వింది. మందు మాట మాత్రం పండు ఎత్తలేదు. ఏ మొహం పెట్టుకుని ఎత్తుతుంది? రెండు రోజులు చూసి, అమ్మే ఆ డబ్బా పట్టుకుని వచ్చింది.

"ఇది ఎక్కడ రాయాలి?"

"భుజం కింద, ఇక్కడ. నీకెందుకులే అమ్మా."

"నోరు మూసుకుని చెయ్యి చాపు."

అరచేతిలోకి రెండు నొక్కులు నొక్కుకుని, పసిపిల్లకి నూనె రాసినట్టు నిదానంగా రాసింది అమ్మ. అప్పట్నుంచీ రోజూ అదే తంతు. మూడేళ్ళుగా కంచం ముందు పెట్టి పక్కకి తప్పుకునే మనిషి, రోజూ పొద్దున్నే వచ్చి ఒంటి మీద చెయ్యి వేస్తోంది. చేతులు కాలినా ఇందుకు కాలాయిలే అని పండు లోలోపల మురిసిపోయింది కూడా.

ఆ మురిపెం ఎన్నో రోజులు నిలవలేదు. కట్లు విప్పాక లాండ్రీవాళ్ళు పండుని ముందు కౌంటర్లో కూర్చోబెట్టారు. కూర్చున్న పనికే ఒళ్ళు హూనమయ్యేది. ఉన్నట్టుండి మెడలోంచి వేడి ఎగదన్ని చెమటలు కారేవి. "మిషన్ బయట కాల్చింది చాలక లోపల కూడా దూరినట్టుంది," అని తోటివాళ్ళతో నవ్వేది కానీ, ఇంటికొచ్చి చెప్పులు విప్పే ఓపిక కూడా ఉండేది కాదు. రక్తపరీక్ష చేస్తే ఒంట్లో ఉండాల్సిన మందు సగం కూడా లేదని తేలింది. "సరిగ్గానే రాసుకుంటున్నారా?" అని అడిగాడు పండు డాక్టరు. రాసుకుంటున్నానంది. రెండు నొక్కుల్ని మూడు చేసి పంపించాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, అప్పుడే అమ్మకి మొదలైంది. నెలసరి ఆగిపోయి ఏళ్ళు గడిచిన మనిషికి మళ్ళీ రక్తం కనపడసాగింది. అమ్మ చెప్పలేదు. స్నానాలగదిలో బకెట్లో దుప్పటి చన్నీళ్ళలో నానుతుంటే పండే చూసింది. చన్నీళ్ళలో ఏ మరకని నానేస్తారో లాండ్రీలో పనిచేసే మనిషికి ఒకరు చెప్పాలా? మరకలతో బతికే మనిషి దగ్గర మరక దాచింది అమ్మ, చూడండి ఆవిడ తెలివి.

బలవంతాన ఆస్పత్రికి తీసుకెళ్ళింది. లేడీ డాక్టరు స్కానింగ్ చేయించి, గర్భసంచి లోపలి పొర మందమైందంది. "ఈ వయసులో ఇలా కనపడితే ఊరికే వదలకూడదమ్మా. ముక్క తీసి పరీక్షకి పంపుదాం. అసలు సంచి తీసేస్తే ఏ గొడవా ఉండదు. హార్మోన్ మందులేమైనా వాడుతున్నారా?"

"నేనా? తలనొప్పి మాత్ర కూడా వేసుకోను," అంది అమ్మ. ఆ వెంటనే, "తీసేయండి," అంది.

ఆపరేషన్‌కి ముందు చేసే పరీక్షల కోసం కింది అంతస్తులో రక్తం ఇమ్మన్నారు. అమ్మ చెయ్యి మడిచి బల్ల మీద పెట్టింది. నర్సు రబ్బరు పట్టీ కడుతుంటే పండు చూపు అమ్మ మోచేతి మీద పడింది.

చిన్నప్పట్నుంచీ ఎరిగిన మోచెయ్యి అది. గరుకు కాగితం కన్నా గరుకు. అల్లరి చేస్తే ఆ మోచేత్తో ఒక్క పోటు పొడిచేది, మర్నాటిదాకా మండేది. ఇప్పుడది నున్నగా మెరుస్తోంది.

బయట బెంచీ మీద కూర్చున్నాక పండు అడిగింది. "అమ్మా, మోచేతులకి ఏం రాస్తున్నావు?"

"ఏం రాస్తాను, నా మొహం."

"అమ్మా."

అమ్మ చేతిసంచీ జిప్పు తీసింది, మళ్ళీ వేసింది. "అరచేతిలో మిగిలింది గోడకి పుయ్యమంటావా? అంత ఖరీదు మందు. మోచేతులకీ మడమలకీ రాసుకునేదాన్ని. పేస్టు ట్యూబు కత్తిరించి గీకే మనిషిని, నా సంగతి నీకు తెలీదా?"

"మిగిలిందా, మిగిల్చావా?"

"మిగల్చలేదే తల్లీ, నీ చేతికే రాశాను. కాస్త నెమ్మదిగా రాస్తాను కదా, సగం నా అరచేతిలోనే ఇంకిపోయేది కాబోలు."

నెమ్మదిగా ఎందుకు రాయాలి అని పండు అడగలేదు. "దీనివల్లే అని నీకెప్పుడు తెలిసింది?"

"హార్మోన్ మందులు వాడుతున్నావా అని ఆవిడ అడిగినప్పుడే."

"మరి లేదన్నావేం?"

"ఉందంటే? నీ మందు ఆపించేస్తుంది. మీ అన్నయ్య ఎప్పుడు దొరుకుతావా అని కాచుక్కూర్చున్నాడు. ఇది తెలిస్తే నన్ను మూటగట్టి తీసుకుపోతాడు." అమ్మ గొంతు తగ్గించింది. "మీ ఇద్దర్నీ కన్నాక ఇంక దానితో నాకేం పని? తీసేస్తే పోయేదేం లేదు. నీకు మందు తగ్గితేనే మొహం ఎలా పీక్కుపోయిందో చూస్తున్నాను. పూర్తిగా ఆపేస్తే చూసే ఓపిక నాకు లేదు."

పండుకి కోపమొచ్చింది, ఏడుపొచ్చింది, రెండింటికీ ఓపిక లేక అలాగే కూర్చుండిపోయింది. సూదికి భయపడే మనిషి, తన మందు కోసం కడుపు కోయించుకోవడానికి సిద్ధపడింది. ఈ తల్లి తనని ఒప్పుకోలేదని మూడేళ్ళు కుళ్ళి కుళ్ళి ఏడ్చింది తను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే అమ్మ అన్నయ్య ఇంటికి, చెప్పకపోతే అమ్మ కత్తి కిందకి. పండు లేచింది.

అమ్మ పండు చొక్కా అంచు పట్టుకుంది. "చెప్పావంటే నా మీద ఒట్టే."

"ఆ ఒట్టు తీసి గట్టున పెట్టు," అని డాక్టరు గదిలోకి నడిచింది.

ఉన్నదున్నట్టు చెప్పింది. తనెవరో, ఆ మందు దేనికో, అమ్మ మోచేతులెందుకు మెరుస్తున్నాయో, అన్నీ. డాక్టరు విని కళ్ళద్దాలు తీసి ముక్కు నొక్కుకుంది. ఆవిడా పొద్దున్నుంచి అలసిపోయే ఉంది. "మీకు రాసిన ఆడ హార్మోన్ అమ్మగారి ఒంట్లోకీ ఇంకింది, అందుకే ఈ రక్తం అయ్యుంటుంది. అయినా ముక్క పరీక్ష ఎలాగూ తప్పదు. అది బాగుంటే సంచి జోలికి పోనక్కర్లేదు, కొన్నాళ్ళాగి మళ్ళీ స్కాన్ చేద్దాం. మీ మందు మీది, దాన్నెందుకు ఆపుతారు? అమ్మగారి చేతులకి గ్లౌజులు తొడగండి చాలు," అంది. వెనకే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ అమ్మ, ఇంతేనా అన్నట్టు చూసింది.

ముక్కలో చెడు ఏమీ లేదని తేలింది. రక్తం కనపడటం కూడా క్రమంగా ఆగింది. కానీ వాసన పసిగట్టినట్టు అన్నయ్య ఫోన్ చేశాడు. అమ్మ ఫోన్ తీసుకుని, పండు వింటుండగానే చెప్పింది. "అవున్రా, ఆ మందువల్లే. నా కక్కుర్తివల్ల వచ్చింది. దాని మందుకేం పాపం తెలీదు. నువ్వు బయల్దేరి రానక్కర్లేదు, నేను ఎక్కడికీ రాను." అవతల అన్నయ్య ఏదో అంటూనే ఉన్నాడు. అమ్మ ఫోన్ పెట్టేసి కూరలు తరగడానికి కూర్చుంది.

ఇప్పుడు పొద్దున్నే అమ్మ గ్లౌజులు తొడుక్కుని వస్తోంది. "ఈ రబ్బరుతో నీకు రాస్తున్నానో, గోడకి సున్నం కొడుతున్నానో తెలిసి చావట్లేదు," అని గొణుగుతుంది. మోచేతులు మళ్ళీ గరుకెక్కాయని కూడా దెప్పుతుంది.

"ఇంకెన్నాళ్ళులే అమ్మా. వేళ్ళు వంగుతున్నాయి. వచ్చే వారం నుంచి నేనే రాసుకుంటాను," అంది పండు ఒక రోజు.

అమ్మ చెయ్యి ఆగింది. "అవునులే," అంది. రాయడం ముగించి, గ్లౌజులు విప్పి చెత్తబుట్టలో పడేసి, లోపలికెళ్ళి సబ్బుతో చాలాసేపు చేతులు కడుక్కుంది. తిరిగొచ్చి పండు వెనకాల నిలబడింది.

"మందు ఎడమ చేతికే కదా రాశాను?"

"ఆ."

"కుడి భుజానికి అంటలేదుగా?"

"లేదమ్మా."

అమ్మ తన ఉత్త అరచెయ్యి పండు కుడి భుజం మీద వేసింది. చెయ్యి ఇంకా తడిగా, చల్లగా ఉంది. లాండ్రీకి టైమవుతోంది. మందు ఎప్పుడో ఆరిపోయింది. పండు చొక్కా వేసుకోలేదు.